'పాలు పడలేదు' అనే ముందు

(ఆగస్టు మొదటి వారం తల్లిపాల వారోత్సవాల్లో భాగంగా గుంటూరులోని ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ప్రసూతి వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన ఒకావిడ చేసిన ప్రసంగానికి ఇది అక్షర రూపం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు ఫ్యాను కింద కూర్చోండి. మధ్యలో బిడ్డ ఏడిస్తే లేచి బయటికి వెళ్లక్కర్లేదు, ఇక్కడే పాలివ్వండి. మనం కూర్చుంది ఆ సంగతి మాట్లాడుకోవడానికే.

అత్తగార్లు, అమ్మలు చాలామంది వచ్చారు. మగవాళ్లు కూడా అయిదారుగురు కనిపిస్తున్నారు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఈరోజు నేను బాలింతలతో కంటే మీతోనే ఎక్కువ మాట్లాడాలి.

ముప్పై రెండేళ్లు ప్రసూతి వార్డులో పనిచేశాను. అన్నేళ్లూ రోజూ ఒక మాట విన్నాను. "సిస్టర్, మా అమ్మాయికి పాలు పడలేదు." ఈ మాట బాలింత నోటి నుంచి రావడం తక్కువ. మంచం పక్కన నిలబడ్డవాళ్లు అంటారు. తల్లి అంటుంది, అత్త అంటుంది, చూడ్డానికొచ్చిన పిన్ని అంటుంది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని వింటూ ఉంటుంది. రెండో రోజుకల్లా తనే అనడం మొదలుపెడుతుంది. "అవునండీ, నాకు పాలు లేవు" అని. అప్పటికి పొడిపాల డబ్బా వచ్చేసి ఉంటుంది.

మనం 'పాలు పడటం' అంటాం, బోరు వేస్తే నీళ్లు పడినట్టు. పడితే అదృష్టం, పడకపోతే ఖర్మ. కానీ పాలు బోరునీళ్ల లాంటివి కావు. మీలో కృష్ణ ఒడ్డు ఊళ్లవాళ్లుంటే చెలమ తీయడం తెలిసే ఉంటుంది. ఎండాకాలం ఏటి ఇసుకలో చేత్తో గుంట తీస్తే ముందు తడి కనిపిస్తుంది. కాసేపటికి గుక్కెడు నీళ్లు ఊరతాయి. అవి తోడేస్తే ఇంకాసిని ఊరతాయి. తోడటం మానేస్తే ఇసుక జారి గుంట పూడిపోతుంది. తల్లి రొమ్ము కూడా అంతే. బిడ్డ చీకినప్పుడల్లా తల్లి మెదడులోంచి ప్రోలాక్టిన్ అనే హార్మోను వస్తుంది, అది పాలు తయారు చేయిస్తుంది. రాత్రిపూట అది ఇంకా ఎక్కువగా వస్తుంది, అందుకే రాత్రి పాలు మానేయొద్దని చెబుతాం. ఆక్సిటోసిన్ అని ఇంకొకటి ఉంది. అది ఆ పాలను బయటికి తోస్తుంది. చేపడం అంటాం చూడండి, అది దాని పనే.

ఈ రెండోది తల్లి మనసుని బట్టి నడుస్తుంది. భయపడినా, నొప్పితో మూలుగుతున్నా, పదిమంది చుట్టూ నిలబడి చూస్తున్నా పాలు చేపుకి రావు. పాడి ఉన్న ఇళ్లలో మగవాళ్లకి కూడా ఈ సంగతి తెలుసు. పాలు పిండే మనిషి మారితే గేదె చేపదు. దూడని వదులుతాం, గంగడోలు నిమురుతాం, కొట్టంలో కేకలు వేయనివ్వం. పాతికేళ్ల ఆడపిల్ల ఆపరేషన్ కుట్లతో మంచం మీద పడుకుని ఉంటే మాత్రం తలుపు తీసి పెట్టి, గదినిండా చుట్టాల్ని కూర్చోబెట్టి, "ఏదీ, పాలు వస్తున్నాయా?" అని అడుగుతాం.

సరే, మొదటినుంచి చెబుతాను.

బిడ్డ పుట్టగానే తుడిచి, బట్టల్లేకుండా తల్లి ఒంటిమీద బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి ఒక పొడి గుడ్డ కప్పితే ఏమవుతుందో మీరు చూశారా? చూసి ఉండరు. చాలామంది నర్సులు కూడా చూసి ఉండరు, అంతసేపు ఎవరూ ఆగరు కాబట్టి. మొదట కాసేపు బిడ్డ కదలకుండా పడుకుంటుంది. తర్వాత కళ్లు తెరుస్తుంది. చేతులు నోట్లో పెట్టుకుని చీకుతుంది. కాళ్లతో తల్లి పొట్టమీద తన్నుతూ అంగుళం అంగుళం పైకి జరుగుతుంది. మధ్యలో అలిసిపోయి ఆగుతుంది, మళ్లీ జరుగుతుంది. వాసన పట్టుకుని, తల అటూ ఇటూ తిప్పి, ఎవరూ సాయం చేయకుండా రొమ్ము దగ్గరికి చేరి నోరు పెద్దగా తెరుస్తుంది. అరగంట పట్టొచ్చు, గంట పట్టొచ్చు. నేను మొదటిసారి చూసినప్పుడు నాకు సర్వీసు పదకొండేళ్లు. డ్యూటీలో ఉండి ఏడవకూడదని నోట్లో కొంగు కుక్కుకున్నాను.

ఆ గంట బిడ్డ మంచి మెలకువగా ఉంటుంది. ఆ తర్వాత గాఢంగా నిద్రపోతుంది, లేపినా లేవదు. అందుకే మొదటి గంట, మొదటి గంట అని అంతలా చెప్పేది. బిడ్డ చీకితే తల్లి గర్భసంచి ముడుచుకుని రక్తం పోవడం కూడా తగ్గుతుంది. ఘానా దేశంలో చేసి 2006లో ప్రచురించిన ఒక అధ్యయనం, పుట్టిన గంటలోపు పాలు పట్టిస్తే నెలలోపు పిల్లల మరణాల్లో 22 శాతం తప్పించవచ్చని లెక్కకట్టింది. గంటకి అంత విలువ.

మరి మన దగ్గర ఏం జరుగుతోంది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2015-16లో దేశంలో నూటికి 79 కాన్పులు ఆస్పత్రుల్లో జరిగాయి. 2019-21 సర్వేకి అవి 88 దాటాయి. పురిటికి ఆస్పత్రికి వెళ్లాలని జనం నేర్చుకున్నారు, మనందరం గర్వపడాల్సిన విషయం. కానీ గంటలోపు తల్లిపాలు అందిన బిడ్డలు ముందు సర్వేలో నూటికి 41.6, తర్వాత సర్వేలో 41.8. అంటే కదలనే లేదు. బిడ్డ ఆస్పత్రిలోనే పుడుతోంది, చుట్టూ డాక్టరు, నర్సు, ఆయా అందరూ ఉన్నారు. అయినా సగానికి సగం మంది కూడా ఆ గంటలో తల్లి రొమ్ముకి చేరడం లేదు. ఈ అంకె చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆ నర్సుల్లో నేనూ ఒకదాన్ని కదా.

మన రాష్ట్రంలో అదే 2019-21 సర్వే ప్రకారం నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ఆపరేషన్ ఎందుకు పెరిగిందన్నది వేరే సభ పెట్టుకుని మాట్లాడుకోవాల్సిన విషయం, ఇవాళ అందులోకి వెళ్లను. "ఆపరేషన్ అయింది కదా, రేపటిదాకా పాలు రావులే" అనే మాట గురించి మాత్రం చెప్పాలి. నడుముకి మత్తిచ్చి చేసే ఆపరేషన్లో తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తుండగానే బిడ్డని తల్లి చెంప దగ్గర, ఛాతీ మీద అడ్డంగా పడుకోబెట్టవచ్చు. రికవరీ గదిలోకి రాగానే పక్కకి తిప్పి పట్టించవచ్చు. కుట్ల మీద బరువు పడకుండా బిడ్డని చంక కింద నుంచి, కాళ్లు తల్లి వీపువైపు ఉండేలా పెట్టి కూడా పట్టించవచ్చు. దీనికి ఖరీదైన మిషను ఏమీ అక్కర్లేదు, పక్కన ఒక మనిషి ఇరవై నిమిషాలు నిలబడితే చాలు. ఆ మనిషే దొరకదు. బిడ్డని తుడిచి, తూకం వేసి, గుడ్డలో చుట్టి బయట చుట్టాల చేతిలో పెడతారు. బయట ఫోటోలు, వీడియో కాల్స్, స్వీట్లు. ఆ గంటంతా బిడ్డ చేతులు మారుతుంది. తల్లి దగ్గరికి వచ్చేసరికి నిద్రలో ఉంటుంది.

అందుకే మామయ్యగార్లకి, తండ్రులకి నా విన్నపం. కాన్పుకి చేరేరోజే డాక్టరుగారిని అడగండి, "బిడ్డని ఎంతసేపట్లో రొమ్ము పట్టిస్తారండీ?" అని. ఖర్చు ఎంతవుతుందో అడుగుతాం, రూముకి ఏసీ ఉందా అని అడుగుతాం, ఇదీ అడగండి. అడిగేవాళ్లుంటే చేసేవాళ్లు పెరుగుతారు.

నా సంగతి చెబుతాను. 1984లో నా మొదటి కాన్పు. అప్పటికి నర్సింగ్ చదువు అయిపోయింది. పుస్తకంలో ముర్రుపాలు అన్న పాఠం చదివి పరీక్ష రాసినదాన్నే. నేను చేరిన ఆస్పత్రిలో బిడ్డల్ని వేరే గదిలో వరసగా పడుకోబెట్టేవాళ్లు. గ్లూకోజు నీళ్లు పట్టారు, తర్వాత పొడిపాలు పట్టారు. మూడో రోజు మా బాబుని నా ఒళ్లో పెడితే వాడు రొమ్ము పట్టలేదు. సీసా పీకకి అలవాటుపడ్డాడు. చనుమొన నోట్లో పెడితే నాలుకతో తోసేసి ఏడ్చాడు. నాకు పాలు గడ్డకట్టి, జ్వరమొచ్చి, రొమ్ము రాయిలా అయిపోయింది. రెండు నెలలకి పూర్తిగా ఇంకిపోయాయి. వాడికి ఏడాది లోపు నాలుగుసార్లు విరేచనాలతో సెలైన్ పెట్టించాల్సి వచ్చింది. చదువుకున్న నర్సుని, ఒక్క మాట అడగలేకపోయాను, నా బిడ్డని నా దగ్గర పెట్టండి అని. ఆ వయసులో, ఆ నొప్పిలో, అడగడం బాలింత వల్ల కాదు. పక్కనున్నవాళ్లు అడగాలి. ఆ అనుభవమే నన్ను ఈ పనిలోకి తెచ్చింది.

ముర్రుపాల గురించి ఈ రోజుల్లో చాలామందికి తెలుసు, అయినా చెప్పాలి. మొదటి రెండు మూడు రోజులు పసుపుపచ్చగా, జిగటగా, కాస్తే వస్తాయి. 'చీములా ఉన్నాయి' అని పిండి పారబోసిన వాళ్లని నా కళ్లతో చూశాను. గేదె ఈనితే ఏం చేస్తాం? జున్నుపాలు జాగ్రత్తగా దాచి, బెల్లం, మిరియాలు వేసి వండుకుని, ఇరుగుపొరుగుకి గిన్నెలో పంపిస్తాం. పట్నంలో అయితే డబ్బులిచ్చి మరీ కొనుక్కుంటాం. దూడకి దక్కాల్సిన ఆ పాల విలువ మనకి తెలుసు. మన బిడ్డ జున్నుపాలు మాత్రం పారబోస్తాం! రోగాలతో పోరాడే పదార్థాలు వాటిలో చిక్కగా ఉంటాయి. పేగులకి మొదటి పూత అది. ఇక 'కాస్తే వచ్చాయి' అంటారా, మొదటి రోజు బిడ్డకి ఒక్కసారికి కావాల్సింది ఒక టీ చెంచాడు. సరిగ్గా అంతే వస్తాయి.

తేనె నాకించడం, పంచదార నీళ్లు, వస కొమ్ము అరగదీసి పెట్టడం, ఆముదం పోయడం, ఇవి తగ్గాయి గానీ పోలేదు. వీధిలో గాడిద పాలు అని కేకేసుకుంటూ వస్తే పిలిచి ఉగ్గుగిన్నెడు కొని పట్టించేవాళ్లు మన గుంటూరులో ఇప్పటికీ ఉన్నారు. ఆయాసం రాదని నమ్మకం. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు, నాకు తెలుసు. కానీ కాచని పచ్చిపాలు, ఎక్కడెక్కడో తిరిగిన చెంబు, పుట్టి పదిరోజులైన బిడ్డ. ఒక్కసారి ఆలోచించండి. తేనె ఏడాది నిండేదాకా అసలు వద్దు. అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం తయారుచేస్తుంది.

ఇప్పుడు రెండో రోజు రాత్రి గురించి. పాలు పోయేది ఎక్కువగా ఆ రాత్రే.

మొదటి రోజంతా నిద్రపోయిన బిడ్డ రెండో రాత్రి లేచి కూర్చున్నట్టే ఉంటుంది. అరగంటకోసారి ఏడుస్తుంది. చీకుతుంది, వదిలేస్తుంది, మళ్లీ ఏడుస్తుంది. చెలమ తవ్వడం అది. పాలు నిండుగా దిగేది రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య, సిజేరియన్ అయితే ఇంకాస్త ఆలస్యం కావచ్చు. ఈ సంగతి తెలియక రాత్రి ఒంటిగంటకి తండ్రిని మెడికల్ షాపుకి పరిగెత్తిస్తారు.

అలాంటి ఒక రాత్రి చెబుతాను. ఇరవై రెండేళ్ల పిల్ల, మొదటి కాన్పు. బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. అమ్మమ్మ తల పట్టుకుని కూర్చుంది. తండ్రి అప్పటికే డబ్బా తెచ్చేశాడు, మూత తీయలేదు. నేను ముందు చుట్టాలందర్నీ బయటికి పంపి లైటు తగ్గించాను. ఆ పిల్ల వీపు వెనక రెండు దిళ్లు పెట్టాను. చూస్తే చనుమొన లోపలికి పోయి ఉంది, బిడ్డ నోటికి అందడం లేదు. పది మిల్లీలీటర్ల సిరంజి కొత్తది తెప్పించాను. సూది పెట్టేవైపు కొసని బ్లేడుతో కోసేశాను. లోపలి పిస్టను బయటికి తీసి, కోసిన వైపు నుంచి లోపలికి దూర్చాను. అప్పుడు నున్నటి వెడల్పు అంచు ఇవతలకి వస్తుంది. ఆ అంచుని చనుమొన మీద ఆనించి, ఆ పిల్ల చేతికే ఇచ్చి నెమ్మదిగా లాగమన్నాను. నొప్పి పుట్టకుండా, అరనిమిషం లాగి పట్టుకోవడం, వదలడం. నాలుగైదుసార్లకి మొన బయటికొచ్చింది. వెంటనే బిడ్డ పొట్ట తల్లి పొట్టకి తగిలేలా తిప్పి, నోరు పెద్దగా తెరిచినప్పుడు మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లేలా దగ్గరికి తీసుకున్నాం. గడ్డం రొమ్ముకి ఆనింది, కింది పెదవి బయటికి మడిచినట్టు తిరిగింది. చప్పుడు చేసే చీకుడు పోయి, లోతుగా, ఆగి ఆగి మింగే చీకుడు వచ్చింది. గదిలో బిడ్డ గుటక ఒక్కటే వినిపించింది. అమ్మమ్మ నా చేయి పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. తెల్లారి ఆ తండ్రి డబ్బా షాపులో తిరిగిచ్చేసి వచ్చాడు.

అదే రాత్రి ఆ డబ్బా కలిపి పట్టించి ఉంటే? బిడ్డ కడుపునిండా తాగి నాలుగు గంటలు పడుకునేది. అందరూ "హమ్మయ్య, ఆకలితో ఏడ్చింది పాపం" అనేవాళ్లు. ఆ నాలుగు గంటలూ రొమ్ముని చీకేవాళ్లు లేరు, కాబట్టి తర్వాతిసారికి పాలు ఇంకా తక్కువ. తక్కువ కాబట్టి ఇంకో డబ్బా. ఇలాగే చెలమ పూడుతుంది. తర్వాత "మాకు పాలు పడలేదు, ఇంట్లో అందరికీ అంతే" అని చెప్పుకుంటాం.

ఆ డబ్బా ఇంట్లో ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. దాని మీద పాప బొమ్మ గానీ, తల్లి బొమ్మ గానీ ఉండదు. బిస్కెట్ ప్యాకెట్ మీద, సబ్బు మీద పాప నవ్వుతూ ఉంటుంది, పాపకి పట్టించే పాలడబ్బా మీద ఉండదు. చట్టం ఒప్పుకోదు. 1992లో మన దేశంలో శిశువుల పొడిపాలు, పాలసీసాలు, శిశు ఆహారాల మీద చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటనలు ఇవ్వకూడదు, ఉచితంగా శాంపిళ్లు పంచకూడదు, డాక్టర్లకి, నర్సులకి కానుకలు ఇవ్వకూడదు. తల్లిపాలే మేలు అని డబ్బా మీదే రాయాలి. ఇంత గట్టి చట్టం ఉన్న దేశాలు ఎక్కువ లేవు. అయినా డిశ్చార్జి చీటీలో మందుల కింద డబ్బా పేరు రాసి ఉంటే, "ఇది ఎందుకు రాశారండీ? నా బిడ్డకి ఏం అవసరమొచ్చింది?" అని అడిగే హక్కు మీకుంది. అవసరం నిజంగా ఉంటే కారణం చెబుతారు.

ఇంతకీ పాలు చాలుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది? ఏడుపుని బట్టి కాదు. రొమ్ము గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అని చూసీ కాదు. అయిదో రోజు దాటాక రోజుకి ఆరుసార్లు, అంతకంటే ఎక్కువ ఉచ్చ పోస్తుంటే చాలుతున్నట్టే. మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి రావాలి. ఆ తర్వాత అంగన్‌వాడీకో, టీకాలకో వెళ్లినప్పుడు తూకం వేయించండి. ఒకవేళ ఉచ్చ తగ్గిపోయినా, బిడ్డ నీరసంగా పడి ఉండి చీకకపోయినా, ఒళ్లు పచ్చబడినా నేను చెప్పిన కబుర్లన్నీ పక్కన పెట్టి వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

(సభలో ఒకావిడ: మా కోడలికి మూడు నెలలదాకా బానే ఉన్నాయండీ, మా ఇంటికి రాగానే తగ్గిపోయినయ్. అదేంటి?)

చాలా మంచి మాట అడిగారు వదినగారూ. ఇది చాలా ఇళ్లల్లో జరుగుతుంది, చాలా తగాదాలకి కారణం కూడా ఇదే. మన దగ్గర మొదటి పురుడు పుట్టింట్లో. మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డని తీసుకుని అత్తారింటికి వస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రెండు సంగతులు జరుగుతాయి. ఒకటి, మూడో నెల వచ్చేసరికి రొమ్ము బిడ్డ అవసరానికి సర్దుకుంటుంది. ముందులా బిగుసుకుని, జాకెట్ తడిసిపోయేలా కారడం ఆగిపోతుంది, మెత్తబడుతుంది. పాలు మాత్రం తగ్గవు. రెండోది, బిడ్డ ఒక్కసారిగా ఎదుగుతుంది, మూడు నాలుగు రోజులపాటు పదే పదే అడుగుతుంది. ఆ అడగడం వల్లే పాలు పెరుగుతాయి. కొత్తగా ఇంటికొచ్చిన కోడలు, మెత్తబడ్డ రొమ్ము, ఊరికే ఏడుస్తున్న మనవడు. మీకేమనిపిస్తుంది? పుట్టింట్లో సరిగా చూడలేదనిపిస్తుంది. ఆ పిల్లకేమనిపిస్తుంది? ఇక్కడ తన వల్ల తప్పు జరిగిందనిపిస్తుంది. పుట్టింట్లో మధ్యాహ్నం బిడ్డతోపాటు పడుకునేది, ఇక్కడ వంటింట్లో నిలబడుతుంది. ఆ నాలుగు రోజులు ఆమెని బిడ్డ పక్కనే పడుకోనివ్వండి, కంచం మంచం దగ్గరికే పంపండి. పాలు వాటంతటవే సర్దుకుంటాయి.

తిండి విషయంలో మన పెద్దవాళ్లు చెప్పినవి చాలావరకు మంచివే. తెలగపిండి కూర, మునగాకు, వెల్లుల్లి కారం, సొరపిట్టు పెట్టండి, కడుపునిండా పెట్టండి. అయితే వీటివల్ల పాలు వస్తాయని, చీకించడం మానేసి కూరలు వండితే లాభం లేదు. పథ్యం పేరు చెప్పి నీళ్లు తాగనివ్వకపోవడం మాత్రం మానేయండి. పొట్ట వస్తుందని గుక్కెడు నీళ్లకి కూడా లెక్కపెట్టిన తల్లుల్ని చూశాను. దాహమేసినప్పుడల్లా తాగనివ్వండి.

బిడ్డకి మాత్రం నీళ్లొద్దు. ఈ మాట గుంటూరు ఎండల్లో ఎవరూ వినరు, నాకు తెలుసు. రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఎండ, బిడ్డ గొంతు తడారిపోతుందని రెండు చెంచాలు పోస్తారు. తల్లిపాలలో నూటికి 88 పాళ్లు నీళ్లే. రొమ్ము పట్టగానే ముందొచ్చే పాలు పలచగా ఉండి దాహం తీరుస్తాయి, తర్వాతవి చిక్కబడతాయి. ఎండ ఎక్కువైతే ఇంకో రెండుసార్లు పట్టించండి. నీళ్లు పోస్తే ఆ చిన్న పొట్టలో పాలకి చోటు ఉండదు. నీళ్లతోపాటు విరేచనాలు కూడా తెచ్చుకుంటాం.

ఇప్పుడు నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతికి వస్తాను. పనికి పోయే తల్లులు.

మన గుంటూరు మిర్చికి పేరు. కానీ ఆ కాయలకి తొడిమలు తీసేది ఎవరు? గోడౌన్లలో బారులు తీరి కూర్చున్న ఆడవాళ్లు. ఎన్ని కిలోలు తీస్తే అన్ని డబ్బులు. అక్కడ ప్రసూతి సెలవు లేదు. సీజను జనవరిలో మొదలైతే మే దాకా, బిడ్డ ఫిబ్రవరిలో పుడితే ఏప్రిల్‌కి తల్లి పనిలో ఉంటుంది. నేను ఒకసారి వెళ్లి వాళ్లతో కూర్చున్నాను. రెండు నిమిషాలకే దగ్గు, కళ్లలో నీళ్లు. ఒక తల్లి మధ్యాహ్నం ఇంటికెళ్లి బిడ్డని ఎత్తుకుంటే ముట్టుకున్నచోటల్లా మంట, బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. ఎన్నిసార్లు నీళ్లతో కడిగినా పోలేదంది. అందుకే ఆమె పగలు పాలివ్వడం మానేసింది, బిడ్డకి మూడు నెలలు. పాలు లేక మానలేదు, చేతులకి కారం ఉండి మానింది.

కారం నీళ్లకి పోదు, నూనెకి పోతుంది. పనిలోకి దిగేముందే చేతులకి కొబ్బరినూనె పట్టించాలి. ఇంటికొచ్చాక మళ్లీ నూనె రాసి గుడ్డతో తుడిచి, ఆ తర్వాత సబ్బుతో రుద్దాలి. జాకెట్, చీర మార్చి, రొమ్ము తడిగుడ్డతో తుడుచుకుని బిడ్డని ఎత్తుకోవాలి. ఇది ఆ తల్లులు చేసుకోగలిగింది. గోడౌన్ యజమానులు చేయాల్సింది వేరే ఉంది. కాయలకి దూరంగా ఒక గది, ఒక ఉయ్యాల, బిడ్డని కనిపెట్టుకుని ఉండే ఒక ముసలమ్మ, నూనె, నీళ్లు. మీ లారీ కిరాయిలో ఎన్నో వంతు అవుతుంది అది? ప్రభుత్వం మాతృ వందన యోజన కింద మొదటి కాన్పుకి 5,000 రూపాయలు ఇస్తుంది, మంచిదే. ఆరు నెలల కూలికి అది ఏ మూలకి వస్తుంది?

పట్నం బజారు బట్టల షాపుల్లో, సూపర్ మార్కెట్లలో, స్కూళ్లలో పనిచేసే అమ్మాయిలు ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట, అంతకుముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే జీతంతో 26 వారాల సెలవు మీ హక్కు. 2017లో 12 వారాల్ని 26 చేశారు, మొదటి ఇద్దరు పిల్లలకి. 26 వారాలంటే ఆరు నెలలు, వట్టి తల్లిపాలు ఇవ్వాల్సిన కాలం సరిగ్గా అంతే. తిరిగి పనిలో చేరాక బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఇవ్వాలి. యాభై మంది పనిచేసే చోట పిల్లల గది ఉండాలి, అక్కడికి రోజుకి నాలుగుసార్లు వెళ్లనివ్వాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నాయి. అడిగితే ఉద్యోగం పోతుందని ఏ అమ్మాయీ అడగదు, అందుకే మీ భర్త, మీ తోటివాళ్లు కలిసి అడగాలి.

బిడ్డకి దూరంగా ఉండాల్సి వస్తే పాలు పిండి పెట్టండి. చేతులు కడుక్కుని, ఉడకబెట్టిన స్టీలు గిన్నె తీసుకుని, బొటనవేలు పైన, చూపుడువేలు కింద, నల్లటి భాగానికి కాస్త వెనక పెట్టి, ముందు ఛాతీవైపుకి నొక్కి, తర్వాత వేళ్లు దగ్గరికి తేవాలి. చర్మం మీద జార్చి లాగకూడదు. మొదట చుక్కలొస్తాయి, చేపాక ధారగా వస్తాయి. మూతపెట్టి ఫ్రిజ్‌లో పెడితే 24 గంటలు వాడుకోవచ్చు. బయట చల్లటి చోట నాలుగు గంటలకి మించి ఉంచొద్దు, మన ఎండల్లో అంతకంటే ముందే వాడేయండి. పొయ్యిమీద కాచొద్దు, వేడినీళ్ల గిన్నెలో పెట్టి గోరువెచ్చ చేయండి. పట్టించడానికి సీసా కొనకండి. మీ అమ్మమ్మ ఉగ్గుగిన్నె ఇంట్లో ఎక్కడో ఉంటుంది, వెతకండి. ముక్కులా సాగిన ఆ అంచుతో కొద్దికొద్దిగా పోస్తే బిడ్డ చక్కగా తాగుతుంది, కడగడం తేలిక, మూలల్లో మురికి చేరదు. నెలలు నిండని పిల్లల వార్డుల్లో ఇప్పటికీ ఇలాంటి గిన్నెతోనే పట్టిస్తారు.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. కొంతమంది తల్లులకి నిజంగానే పాలు చాలవు. కాన్పులో రక్తం బాగా పోయినవాళ్లు, థైరాయిడ్ ఉన్నవాళ్లు, రొమ్ముకి ఆపరేషన్ అయినవాళ్లు. ఎంత ప్రయత్నించినా బిడ్డ బరువు పెరగకపోతే డాక్టరు చెప్పిన పాలు పట్టించాల్సిందే. ఆ తల్లిని ఎవరైనా ఒక్క మాట అంటే నేను ఊరుకోను. ఇక్కడ కూర్చున్నవాళ్లలో అలాంటివాళ్లుంటే, తల్లీ, నేను ఇప్పటిదాకా చెప్పిందేదీ నిన్ను అన్నది కాదు.

అన్నప్రాసన గురించి చెప్పి ఆపేస్తాను. మగపిల్లాడికి ఆరు నెలల ఆరో రోజున చేస్తారు, చాలా బాగుంది. ఆడపిల్లకి బేసి నెల కావాలని అయిదో నెలలోనే ముట్టించేస్తారు. ఏడో నెల కూడా బేసే కదమ్మా! ఆడపిల్లకి రెండు నెలల పాలు ఎందుకు తగ్గించాలి? అన్నం మొదలుపెట్టాక కూడా రెండేళ్లదాకా, ఇంకా ఇష్టమైతే ఆ తర్వాత కూడా తల్లిపాలు ఇవ్వొచ్చు. ఏడాది దాటితే పాలల్లో సారం ఉండదన్నది నిజం కాదు.

నెలలోపు బిడ్డలున్నవాళ్లు, ఎనిమిది, తొమ్మిది నెలల గర్భిణులు పక్క గదిలోకి రండి. సిరంజి ఎలా కోయాలో, బిడ్డని ఎలా పట్టుకోవాలో చూపిస్తాను. అత్తగార్లు కూడా రావాలి. ఇందాక మూడో నెల సంగతి అడిగిన వదినగారూ, మీ కోడలు ఇంటి దగ్గరే ఉందా? దగ్గరైతే ఫోన్ చేసి రమ్మనండి, నేను సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను.